బరంపురం నుంచి జయపురం దాకా - మాట వినబడే దారి

మన పత్రిక చదివేవాళ్లలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వాళ్లు చాలామందే ఉన్నారు. కాబట్టి సాలూరు ఘాటీ ఎలా ఉంటుందో నేను కొత్తగా వర్ణించనక్కరలేదు. ఆ మలుపులు, ఆ లోయలు, సుంకి దగ్గర ఉన్నట్టుండి తగిలే చల్లగాలి మీకందరికీ తెలిసినవే. నేను చెప్పబోయేది వేరు. ఆ దారిని నేను చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు చూశాను గాని, 2024 నవంబరు దాకా ఒక్కసారీ వినలేదు. కారణం మా జీపు.

మా నాన్నగారికి 82 ఏళ్లు. జయపురంలో ఉండి కోరాపుట్ కొండల్లో కల్వర్టులు, చిన్న వంతెనలు కంట్రాక్టుకి కట్టించేవారు. మొదట్లో గుడ్డ టాపు జీపు ఉండేది. దాన్ని అమ్మేసి 1996లో రేకు టాపు ఉన్న మహీంద్రా ఆర్మడా కొన్నారు. 2001లో నా ఉద్యోగం కోసం అందరం బరంపురం వచ్చేసినా ఆ బండి మాతోనే వచ్చింది. 15 ఏళ్లు నిండాక అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకుంటూ దాన్ని ఇంటి మనిషిలా చూసుకుంటున్నాం. డీజిలు ఇంజను, కమాను కట్టలు, చుట్టూ ఉత్త రేకు. బురదలో దిగబడితే లేచి వస్తుంది, కొండెక్కమంటే ఎక్కుతుంది. కాని నలభై దాటితే లోపల మాట్లాడుకోవడం కుదరదు. అరుచుకోవాలి.

నాన్నగారికి చెవి మిషను పెట్టించి నాలుగేళ్లయింది. ఆ డాక్టరుగారు చెప్పిన మాట నాకు బాగా గుర్తు. వయసుతో పోయేది మొత్తం వినికిడి కాదట. సన్నని ధ్వనులు ముందు పోతాయి, లావు ధ్వనులు మిగులుతాయి. స, శ, ట, ప లాంటి అక్షరాలు సన్నగా ఉంటాయి కాబట్టి అవి జారిపోతాయి. అందుకే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది గాని, ఏమంటున్నారో తెలియదు. దానికి తోడు జీపులో ఇంజను రొద లావు ధ్వని. అది మిగిలిన ఆ కాస్త సన్నని ధ్వనినీ కప్పేస్తుంది. మిషను మాటతో పాటు రొదనీ పెంచుతుంది. అందుకని బండి ఎక్కగానే నాన్నగారు మిషను తీసి జేబులో వేసుకునేవారు. ఇక జయపురం చేరేదాకా ఆయన లోకం ఆయనది.

అమ్మ సంగతి ఇంకోలా ఉంది. 2023లో ఆ బండిలోనే జయపురం వెళ్లి వచ్చాక రెండు రోజులు తలనొప్పితో పడుకుంది. "ఆ రేకుల డబ్బాలో నేను మరి ఎక్కను బాబూ" అని తేల్చి చెప్పేసింది. 2024 దసరా తరవాత మా పెద్దమావయ్య జయపురం నుంచి ఫోను చేశాడు. ఆయనకి 86. మంచం దిగి ఎటూ వెళ్లలేడు, చెల్లెల్ని ఒకసారి చూడాలన్నాడు. రాత్రి రైలు ఉంది. అద్దె కారూ ఉంది. కాని నాన్నగారు "నా బండి ఉండగా అద్దె బండేటి?" అన్నారు. అమ్మ "ఆ బండయితే నేను రాను" అంది. ఇద్దరి మధ్యా నేను చిక్కుకున్నాను. జయపురం నుంచి మావయ్య రోజూ ఫోను చేస్తున్నాడు.

అప్పుడు పుట్టింది బండిని లోపల నుంచి నిశ్శబ్దం చేయిద్దామన్న ఆలోచన.

నిజం చెప్పాలంటే అంతకుముందు నేను రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ తప్పు చేశాను. మొదటిసారి పాత పరుపులోని స్పాంజి కోసి కింద మ్యాట్ల అడుగున పరిచాను. ఒక వానాకాలం గడిచాక తీసి చూస్తే స్పాంజి నీళ్లు తాగి ఉంది, దాని కింద రేకు తుప్పు పట్టి పెచ్చులు లేచింది. రెండోసారి డాబా కారితే అతికించే తారు టేపు తెచ్చి టాపు లోపల అంటించాను. చలికాలమంతా బాగానే ఉంది. ఏప్రిల్ ఎండకి అది మెత్తబడి ఒక మధ్యాహ్నం నాన్నగారి తెల్ల పంచె మీద నల్లటి చుక్కలు రాల్చింది. ఆ పంచె ఇప్పటికీ మా ఇంట్లో కారు తుడిచే గుడ్డగా ఉంది.

మూడోసారి నేను బుద్ధిగా షెడ్డు మేస్త్రి దగ్గరకి వెళ్లాను. మా మేస్త్రికి అరవై దాటాయి. ఒరియా, తెలుగు కలిపి మాట్లాడతాడు. ఏ షీట్లు కొనాలని అడిగితే నవ్వి, "ముందు రొద ఎక్కడ పుడుతోందో చూడండి సారూ, దుప్పటి తరవాత కప్పుదాం" అన్నాడు. బండి ఆయన తోలుతుంటే నేను వెనక సీటులో, ఆ తరవాత వెనక బల్లల మీద, చివరికి కింద కూర్చుని చెవి పెట్టి విన్నాను. సగం రొద రేకుది కానే కాదు. ఇంజను మౌంటింగుల రబ్బర్లు రాయిలా గట్టిపడి ఇంజను వణుకునంతా చాసిస్‌కి అప్పగిస్తున్నాయి. సైలెన్సరు జాయింటు దగ్గర పొగ కారుతోంది. ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులో ఒకటి అరిగింది. కమాను కట్టల బుష్షులు పోయాయి. డోరు కీళ్ల పిన్నులు వదులై ప్రతి గుంటకీ నాలుగు తలుపులూ చప్పట్లు కొడుతున్నాయి. ఇవన్నీ మార్చాకనే బండి గొంతు సగం దిగింది. ఇంకా ఒక్క షీటూ అంటించలేదు. ఇలాంటి పాత బండి ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఇదొక్కటే: మొదటి డబ్బు ఇక్కడ పెట్టండి.

తరవాత సీట్లు, మ్యాట్లు, డోరు అట్టలు అన్నీ ఊడదీశాం. అమ్మ ఆ రోజు షెడ్డుకి వచ్చి, అస్థిపంజరంలా నిలబడ్డ బండిని చూసి "ఇది మళ్లీ బండవుతుందా?" అంది. నాకూ ఆ అనుమానమే. టింకరింగు మేస్త్రి తుప్పు పట్టిన చోట రేకు కోసి కొత్త ముక్క వేశాడు. వైరు బ్రష్షుతో గీకి, రెడాక్సైడు కొట్టి, పైన పెయింటు వేసి రెండు రోజులు ఎండబెట్టాం. తుప్పు మీద ఎంత ఖరీదైన షీటు అంటించినా కింద తుప్పు తన పని తాను చేసుకుపోతుంది, పైగా కనబడకుండా. అలాగే డోర్ల అడుగున వాన నీళ్లు కారడానికి చిన్న కన్నాలు ఉంటాయి. వాటిని ఏ షీటుతోనూ మూయకూడదు.

ఇక అసలు పని. రేకు ఎందుకు మోగుతుందో మేస్త్రి ఒక్క వేలితో చూపించాడు. ఖాళీ డోరు రేకు మీద కొడితే ఠంగుమంది. దాని మీద అరచేతిలో పట్టేంత బ్యూటైల్ రబ్బరు షీటు ముక్క అంటించి మళ్లీ కొడితే డబ్బుమంది. అంతే. మోగుతున్న కంచు గంట మీద చెయ్యి వేస్తే ఆగిపోయినట్టే. మృదంగం ఎడమ మూతికి రవ్వ ముద్ద అద్దితే గొంతు దిగుతుంది చూడండి, కొంతవరకు అలాంటిదే. జిగురుగా ఉండే ఆ రబ్బరు రేకు వణుకుని తనలోకి తీసుకుని కాస్త వేడిగా మార్చేస్తుంది. పైన అల్యూమినియం రేకు పొర ఉంటుంది. 2 మిల్లీమీటర్ల మందం సరిపోయింది. ఇక్కడ ఇంకో విషయం. ఈ షీటుతో రేకంతా కప్పనక్కరలేదు. ప్రతి పలక నడిమి భాగంలో, పావు వంతు నుంచి సగం వరకు అంటిస్తే చాలు, మోగడం ఆగిపోతుంది. మొత్తం కప్పితే లాభం కొంచెమే, బరువూ ఖర్చూ మాత్రం రెట్టింపు. అంటించే ముందు రేకుని స్పిరిటుతో తుడవాలి. తరవాత చిన్న రోలరుతో గట్టిగా నొక్కాలి, కింద గాలి బుడగ మిగలకూడదు. నొక్కి నొక్కి నా బొటనవేళ్లు వారం రోజులు నొప్పెట్టాయి.

మోగడం ఆపడం ఒక ఎత్తు. ఇంజను రొద గాలిలోంచి లోపలికి రావడం ఇంకో ఎత్తు. దానికి బరువైన అడ్డు కావాలి. ఇంజనుకీ మనకీ మధ్య ఉండే అడ్డరేకు మీద, కాళ్ల కింద, గేరు బాక్సు పైన ఉండే గూడు మీద బరువైన వినైలు షీటు పరిచాం. చదరపు మీటరుకి 5 కిలోలు తూగుతుంది. దాని కింద నీళ్లు తాగని నురగ షీటు. దీని గదులు దేనికది మూసుకుని ఉంటాయి. పరుపు స్పాంజిలా ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి నీళ్లు పారవు. నేను మొదట చేసిన తప్పు ఇక్కడే అర్థమయింది. నురగ మీద బరువు షీటు తేలుతున్నట్టు ఉండాలి, రేకుకి బిగుసుకుని ఉండకూడదు. అప్పుడే కింది వణుకు పైకి రాదు.

కాని ఇదంతా చేసి తోలి చూస్తే నేను అనుకున్నంత తేడా కనబడలేదు. నాకు నీరసం వచ్చేసింది. మేస్త్రి మాత్రం టార్చిలైటు తీసి అడ్డరేకు అవతల పెట్టి వెలిగించాడు. ఇవతల చీకట్లో కూర్చుని చూస్తే నక్షత్రాల్లా ఆరేడు చోట్ల వెలుగు. క్లచ్చి కేబులు దూరిన కన్నం, వైర్లు వెళ్లే కన్నం, ఎప్పుడో తీసేసిన ఏదో పైపు తాలూకు కన్నం. గేరు రాడ్డుల తోలు సంచి చిరిగి కింది రోడ్డు కనబడుతోంది. దోమతెర ఎంత మంచిదైనా ఒక్క చిరుగు చాలదూ! ప్రతి కన్నానికీ రబ్బరు వాషరు వేసి, గేరు రాడ్డులకి కొత్త సంచులు కుట్టించి, నాలుగు డోర్లకీ కొత్త రబ్బరు బీడింగు వేయించాం. బీడింగు సరిగ్గా కూర్చుందో లేదో చూడ్డానికి డోరు సందులో పది రూపాయల నోటు పెట్టి డోరు మూసి లాగాలి. సులువుగా వచ్చేస్తే అక్కడ గాలి దూరుతున్నట్టు. ఆ సాయంత్రం తోలిన బండి వేరే బండి.

టాపు పని మిగిలింది. అది చప్పుడు కంటే ఎండ కోసం. బరంపురం మే నెలలో టాపు రేకు మీద చెయ్యి పెట్టలేం. ఒక వైపు అల్యూమినియం పొర ఉన్న నురగ షీటు అంటించి, పైన గుడ్డ సీలింగు మళ్లీ బిగించాం. ఆ మెరుపు పొర వేడిని వెనక్కి కొట్టాలంటే దాని ముందు కాస్త ఖాళీ ఉండాలి. దేనికైనా ఆనించి పెడితే అది ఉత్త రేకే. కొందరు టాపులోనూ ఇంజను పక్కనా థర్మోకోలు, దూది కుక్కుతారు. దయచేసి ఆ పని చెయ్యకండి. నిప్పంటుకునేవి ఇంజను దగ్గర ఉండకూడదు. సైలెన్సరు గొట్టం పోయే దారిలోనూ వైర్ల జాయింట్ల మీదా మేం ఏదీ అంటించలేదు.

అంతా కలిపి బండికి 30 కిలోలకు పైగా బరువు పెరిగింది. నాన్నగారు "ఒక కుర్రాడిని ఎక్కించుకున్నట్టు" అన్నారు. నా ఫోనులో చప్పుడు కొలిచే సదుపాయం ఉంటే ఒకే రోడ్డు మీద, ఒకే వేగంలో ముందూ తరవాతా చూశాను. అరవైలో 84 ఉన్నది 77కి వచ్చింది. ఫోను లెక్క కచ్చితమని నేననను. 10 డెసిబెళ్లు తగ్గితే మన చెవికి చప్పుడు సగమైనట్టు తోస్తుందంటారు. అంటే సగం కూడా కాలేదు. జీపు కారు కాదు, కాబోదు. కాని నాన్నగారు మిషను పెట్టుకుని బండెక్కి, కాసేపు విని, దాన్ని జేబులో వేసుకోలేదు. నాకు అదే లెక్క.

అమ్మ మాత్రం "చూద్దాం, ఇచ్ఛాపురం దాకా వస్తాను. నచ్చకపోతే అక్కణ్ణించి రైలెక్కుతాను" అంది.

నవంబరు రెండో వారంలో తెల్లవారుజామున బయల్దేరాం. నేను తోలుతున్నాను, నాన్నగారు పక్కన, అమ్మ వెనక. మంచి రోడ్డే. ఇచ్ఛాపురం దగ్గర సరిహద్దు దాటగానే బోర్డులు ఒరియాలోంచి తెలుగులోకి మారతాయి. అప్పుడు వెనక నుంచి ఒక గొంతు మొదలైంది. "ఇచ్ఛాపురం. టీ, టిఫినులు. ఎరువుల దుకాణం. సోంపేట పది..." అమ్మ బోర్డులు చదువుతోంది. నేను అద్దంలోంచి చూశాను. "ఎప్పుడూ చదువుతాను. ఈ దారిలో వచ్చినప్పుడల్లా" అంది. ఇన్నేళ్లు వెనక సీటులో కూర్చుని ఆమె చదువుకుంటూ వచ్చిందన్న మాట. ముందు కూర్చున్న మా ఇద్దరికీ ఏనాడూ తెలియలేదు. మా తాతగారు ఇల్లు కదలకుండానే 1936 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలోంచి ఒరిస్సాలోకి వెళ్లిపోయినవాడు. ఆ ఇంట్లో పుట్టిన నాన్నగారికీ కోడలిగా వచ్చిన అమ్మకీ తెలుగు బోర్డు కనబడితే చదవాలనిపించడం నాకు అర్థమవుతుంది.

ఇచ్ఛాపురంలో రైలు మాట ఎత్తలేదు. పలాసలో జీడిపప్పు కొన్నాం, తోటల మీదుగా ఎండ ఎక్కింది, వంశధార దాటాం, శ్రీకాకుళంలో నాగావళి దాటాం. చిలకపాలెం దగ్గర పెద్ద రోడ్డు వదిలి కుడికి తిరిగి రాజాం మీదుగా రామభద్రపురం. అక్కణ్ణించి సాలూరు ఎంతో దూరం లేదు.

సాలూరు లారీల ఊరు. రోడ్డు పక్కన బాడీలు కట్టే షెడ్లు, చెక్క కోస్తున్న చప్పుడు, రంగుల వాసన. టైర్లలో గాలి చూయించుకోడానికి ఆగితే ఒక ముసలి బాడీ మేస్త్రి వచ్చి మా డోరు మీద వేలితో కొట్టి, "లోపల ఏటి పెట్టేరు?" అని అడిగాడు. చెప్పాను. "మాకు ఈ బాధ లేదు, మా క్యాబిను చెక్కది. చెక్క మోగదు" అన్నాడు. నిజమే కదా! మనం రబ్బరు అంటించి సాధించేది చెక్కకి పుట్టుకతో ఉంది. నాన్నగారు ఆయనతో పావుగంట లారీల గురించి మాట్లాడారు. ఎన్నాళ్ల తరవాతో బయటివాళ్లతో ఆయన అంతసేపు మాట్లాడ్డం చూశాను. నాకు బండి కంటే అదే ఆశ్చర్యంగా ఉంది.

సాలూరు దాటాక ఘాటీ. ఒకప్పుడు 43వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 26. రెండో గేరులో ఎక్కుతుంటే ఇంతకుముందయితే నాన్నగారి కాళ్ల దగ్గర పొయ్యి మీద కూర్చున్నట్టు ఉండేది. ఇప్పుడు గోరువెచ్చగా ఉంది. అద్దం కాస్త దించితే లోయలోంచి పిట్టల అరుపులు వినబడ్డాయి. ఒక వాగు వినబడింది. "ఇక్కడ వాగుందా?" అని నేనంటే నాన్నగారు, "ఉందేటి, దాని మీదే నా మొదటి కల్వర్టు. 1974" అన్నారు. రోడ్డు వెడల్పు చేశాక ఆ కల్వర్టు ఉందో లేదో చెప్పలేం. ఆయన మాత్రం మలుపు మలుపుకీ ఒక కథ చెప్పారు. ఏ మలుపులో సిమెంటు లారీ దిగబడింది, ఎక్కడ ఎలుగుబంటి ఎదురైంది, ఎక్కడ కూలీలందరికీ జ్వరాలొచ్చాయి. నేను "ఊ" కొడుతున్నాను. సుంకి దాటింది. బోర్డులు మళ్లీ ఒరియా అయ్యాయి. రోడ్డుకి రెండు పక్కలా వలిసె పూలు, కొండవాలంతా పసుపు ఆరబోసినట్టు ఉంది.

పొట్టంగి దగ్గరకి వచ్చేసరికి నాన్నగారు, "1979 ఆగస్టులో గుడ్డ జీపులో రాత్రిపూట వానలో దిగేం, గుర్తుందా? ఎక్కడా ఆగకుండా సాలూరు తీసుకుపోయేను" అన్నారు, ఆ డ్రైవింగు గొప్పగా చెప్పుకుంటున్నట్టు.

వెనక నుంచి అమ్మ గొంతు వచ్చింది. "ఎక్కడా ఆగకుండానే తీసుకుపోయేరు. ఇక్కడే ఆపమని మూడుసార్లు పిలిచేను."

నేను వేగం తగ్గించాను. ఆ రాత్రి నాకు ఏడేళ్లు, నిద్రపోతున్నాను. చెల్లికి పద్నాలుగు నెలలు. జ్వరం ఎక్కువై వెనక అమ్మ ఒళ్లో ఫిట్స్ వచ్చిందట. పొట్టంగిలో తెలిసిన కాంపౌండరు ఇల్లు ఉంది, అక్కడ దీపం కూడా కనబడింది. అమ్మ ఆపమంది. బండి ఆగలేదు. సాలూరు చేరాక డాక్టరు చూశాడు, చెల్లి బతికి బట్టకట్టింది. ఇప్పుడు భువనేశ్వర్‌లో ఇద్దరు పిల్లల తల్లి. ఈ కథ మా ఇంట్లో ఎప్పుడూ "నాన్నగారు ఎలా తోలారో" అన్న కథగానే చెప్పుకున్నాం. అమ్మ ఆ కథలో ఎప్పుడూ మాట కలపలేదు. ఎందుకు కలపలేదో ఎవరం అడగలేదు.

"పిలిచేవా?" అన్నారు నాన్నగారు, వెనక్కి తిరగడానికి ప్రయత్నిస్తూ.

"మూడుసార్లు. సాలూరులో పెద్ద డాక్టరున్నాడు, అక్కడికే పోదామని మీరు నిశ్చయించుకున్నారనుకున్నాను. నా మాట విని కూడా ఆపలేదనుకున్నాను."

"నాకు వినబళ్లేదు. ఆ జీపులో నా మాటే నాకు వినబడేది కాదు. ఒట్టు."

బండిలో కొంతసేపు ఇంజను చప్పుడు తప్ప ఏదీ లేదు. అది కూడా ఎక్కడో దూరంగా ఉన్నట్టుంది. నేను రోడ్డు మీద నుంచి కళ్లు తిప్పలేదు. 45 ఏళ్లు. నిజానికి ఆయనకి ఆనాడు చెవులు బాగానే ఉన్నాయి, బండే వినబడనివ్వలేదు. అదే బండి రొదలో ముప్ఫై ఏళ్లు తిరిగి చెవులు కూడా పాడు చేసుకున్నారేమో.

కొన్ని కిలోమీటర్లు పోయాక అమ్మ "సిమిలిగుడలో టీ తాగుదాం, అక్కడ ఆపమను వాణ్ణి" అంది. నాన్నగారు నాతో, "విన్నావా? సిమిలిగుడలో ఆపు" అన్నారు. నేను వినలేదా! అయినా "సరే నాన్నగారూ" అన్నాను. సిమిలిగుడలో టీ కొట్టు దగ్గర ఆయన దిగి, వెనక డోరు తానే తీసి, అమ్మకి చెయ్యి అందించి దింపారు. దూరంగా దేవమాలి కొండ మీద మబ్బు కమ్ముకుని ఉంది. ఒరిస్సా మొత్తంలో అదే ఎత్తయినది, 1672 మీటర్లు. ఇద్దరూ బల్ల మీద కూర్చుని నాకు వినబడకుండా ఏదో మాట్లాడుకున్నారు. నేను బానెట్టు తీసి అవసరం లేకపోయినా నూనె చూశాను.

అక్కణ్ణించి సునాబెడ. 1964లో వచ్చిన మిగ్ విమానాల ఇంజన్ల కర్మాగారం చుట్టూ పెరిగిన ఊరది. ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడ్డ మనవాళ్లు అక్కడా ఉన్నారు. కోరాపుట్ దాటేసరికి చీకటి పడింది, చలి పెరిగింది. ఇదివరకు ఈ చలి రేకులోంచి ఎముకల్లోకి వచ్చేది, అమ్మ శాలువా మీద శాలువా కప్పుకునేది. ఈసారి ఒక్కటే. ఎండ కోసం వేసిన నురగ చలికి కూడా పనికొచ్చింది. అద్దాలు మాత్రం మసకబారాయి, సందులన్నీ మూసేస్తే లోపలి ఊపిరి ఎక్కడికి పోతుంది? అద్దం రవ్వంత దించితే సర్దుకుంది.

జయపురంలో మావయ్య మేలుకునే ఉన్నాడు. మంచం మీద కూర్చోబెట్టారు. చెల్లెలి చెయ్యి పట్టుకుని "ఆ డబ్బాలోనే వచ్చేవా?" అన్నాడు. అమ్మ "డబ్బా కాదు అన్నయ్యా, మాట వినబడుతోంది" అంది. మూడు రోజులు ఉన్నాం. మర్నాడు మావయ్య జయపురం రాజా విక్రమదేవ వర్మ గురించి చెప్పుకొచ్చాడు. తెలుగులోనూ ఒరియాలోనూ కవిత్వం రాసిన రాజు, ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకి ఏటా లక్ష రూపాయలిచ్చిన దాత. మావయ్య చిన్నప్పుడు ఆయన్ని దూరం నుంచి చూశాడట. నాన్నగారు మిషను సర్దుకుంటూ వింటూ కూర్చున్నారు, మధ్యలో రెండుసార్లు సరిదిద్దారు కూడా. మావయ్యకి ఒళ్లు మండింది. బావలిద్దరూ పాత రోజుల్లోలాగే వాదించుకున్నారు.

తిరుగు ప్రయాణంలో ఘాటీ దిగి సాలూరు దాటాక అమ్మ వెనక నుంచి, "బాబూ, నా కాళ్ల కింద ఏదో గూ అంటోంది" అంది. నాకేం వినబడలేదు. నాన్నగారు వెంటనే, "ఎంత వేగంలో?" అని అడిగారు. "ఇప్పుడే. ఇందాక లేదు." నేను మీటరు చూసి "యాభై అయిదు" అన్నాను. "వాణ్ణి యాక్సిలరేటరు వదలమను. ఇప్పుడుందా?" "లేదు, పోయింది." "మళ్లీ తొక్కరా. ఇప్పుడో?" "మళ్లీ వచ్చింది." నాన్నగారు తల పంకించారు. "వెనక హౌసింగులో పినియను బేరింగు అయ్యుంటుంది. ఇంత రొదలో ఇన్నాళ్లు దాగుంది" అన్నారు. అక్కణ్ణించి రాజాం దాకా ఆయన ముందు నుంచి అడగడం, ఆమె వెనక నుంచి చెప్పడం. నలభైలో ఎలా ఉంది, అరవైలో ఎలా ఉంది, మలుపులో పెరుగుతోందా, ఎత్తెక్కుతుంటే మారుతోందా. నేను వాళ్లు చెప్పినట్టు తొక్కుతూ, వదులుతూ తోలాను.

సోమవారం షెడ్డుకి తీసుకెళ్లాను. మేస్త్రి వెనక హౌసింగు విప్పాడు. పినియను బేరింగే.